ప్రొఫైల్ రాసినవారు: తండ్రి

రెండేళ్ళుగా నా ఆత్మకథ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. నూరు మాటలకు మించదు. ఉత్తమ పురుషలోనే ఉంది. ‘నేను చదువుకున్న, కుటుంబ విలువలు తెలిసిన అమ్మాయిని’ అని మొదలై ‘నన్ను, నా ఉద్యోగాన్ని గౌరవించే వరుడు కావాలి’ అని ముగుస్తుంది. రాసింది నేను కాదు. మా బాపు.

‘‘గట్ల నేను, నేను అని ఎందుకు రాసినవ్ బాపూ?’’ అని అడిగితే, ‘‘మరి పెండ్లి నీదే గద బిడ్డా, నాదా?’’ అన్నాడు. సిరిసిల్ల బళ్ళో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

పెళ్ళి సంబంధాల సైట్లలో పేరు నమోదు చేసేటప్పుడు మొదటి ప్రశ్నే అది: ఈ ప్రొఫైల్ రాస్తున్నది ఎవరు? స్వయంగానా, తల్లిదండ్రులా, అన్నదమ్ములా, బంధువులా, స్నేహితులా? ఒకటి ఎంచుకుంటే తప్ప ముందుకు పోనివ్వదు. స్త్రీల ఆత్మకథల మీద అయిదేళ్ళు పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నదాన్ని. రచయిత ఎవరు, కథ చెప్పే ‘నేను’ ఎవరు, ఆ రెంటి మధ్య దూరమెంత అని వందల పేజీలు రాశాను. ఏ సిద్ధాంత గ్రంథమూ ఇంత సూటిగా అడగని ప్రశ్నని ఒక వ్యాపార సంస్థ చిన్న పెట్టెలో పెట్టి అడిగేసింది.

ముందే చెప్పేస్తాను. కిందటేడు వేసవి నాటికి నేను ఒకేసారి మూడు పెళ్ళి సైట్లలో, కరీంనగర్‌లోని రెండు మ్యారేజి బ్యూరోల ఫైళ్ళలో, లెక్క తెలియనన్ని కుల వాట్సప్ గ్రూపుల్లో, రెండు డేటింగ్ యాప్‌లలో ఉన్నాను. మొదటి మూడు రకాలూ బాపు చేసినవి. చివరివి రెండూ నావి. నా వయసు ముప్ఫై ఆరు. ఒకసారి పెళ్ళయింది, విడాకులూ అయ్యాయి. ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఇన్నిచోట్ల ఒకేసారి ఉండడాన్ని ఎవరు ఏమని పిలుస్తారన్నది ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది. దాంతో పాటు నన్ను నేనే పట్టుకున్న ఒక సంగతి కూడా ఉంది. దాన్ని దాటేసి వెళ్ళిపోదామనే అనుకున్నాను గానీ, రాస్తుంటే కుదరలేదు.

ఒకేసారి పదిచోట్ల వెతకడం ఇంటర్నెట్ తెచ్చిన అలవాటు కాదు. ఆడపిల్ల ఎదిగిన ఇంట్లో ఒక్క సంబంధాన్నే నమ్ముకుని కూర్చున్న వాళ్ళెవరు? మేనత్తకు చెప్తారు, ఊరి పెద్దమనిషికి చెప్తారు, పేపర్లో ప్రకటన ఇస్తారు, ఇంకెవరి పెళ్ళికో పోయి అక్కడి వరుసల్లో కూర్చున్న పిలగాళ్ళని లెక్కపెడతారు. మా మేనత్త చేతిసంచిలో ఎప్పుడూ నాలుగయిదు ఫోటోలుండేవి. వేములవాడ జాతరకు పోయినా తీసేది కాదు. ఒకరు వచ్చి పిల్లను చూసి జవాబు చెప్పకముందే ఇంకొకరికి కబురు పెట్టేవారు. దాన్ని జాగ్రత్త అన్నారు. బాధ్యత అన్నారు. ఆ పిల్లే తన కోసం తను ఒకేసారి ఇద్దరితో మాట్లాడి చూస్తే దాని పేరు మారిపోతుంది. ఆ పేరు ఇక్కడ రాయక్కర్లేదు, మనందరం వినే పెరిగాం.

ఈ తేడాని మన సాహిత్యం ఏనాడో చూపించింది. ‘కన్యాశుల్కం’ (తొలి ప్రదర్శన 1892, మార్చి రాసిన కూర్పు 1909) మళ్ళీ చదివాను. క్లాసులో ఏడేళ్ళుగా చెప్తున్న పుస్తకమే, కానీ ఈసారి వేరేగా కనిపించింది. గిరీశం ఒకే కాలంలో పూటకూళ్ళమ్మ దగ్గర తింటూ, మధురవాణిని ఉంచుకుని, ఆ బాకీలేవీ తీర్చకుండా అగ్రహారం చేరి బుచ్చమ్మకి వితంతు వివాహం మీద ఉపన్యాసాలిస్తాడు. ప్రతిచోటా ఒక వేషం, ఒక భాష. పూటకూళ్ళమ్మ దగ్గర మాట్లాడే గిరీశం వేరు, బుచ్చమ్మ ముందు సంస్కర్త గిరీశం వేరు. ఇంగ్లీషు ముక్కలు ఎక్కడ ఎన్ని చల్లాలో అతనికి బాగా తెలుసు. ఇవాళ్టి యాప్‌లలో ఇంగ్లీషులో స్త్రీవాదం ఒలకబోసే ప్రొఫైళ్ళు చూసినప్పుడల్లా నాకు గిరీశమే గుర్తొస్తాడు. దొంగ ప్రొఫైల్ కూడా అందులోనే ఉంది. కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి లుబ్ధావధాన్లకి కట్టబెట్టడానికి తీసుకుపోతాడు. మధ్యవర్తి రామప్ప పంతులు అందులోనూ కమిషన్ చూసుకుంటాడు.

వీళ్ళందరి మధ్య మధురవాణి ఉంది. అందరి వేషాలూ పోల్చుకోగలిగింది ఆమె ఒక్కతే. అయినా చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ముందు తన నడవడి గురించి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చిందీ ఆమే, అదీ మగవేషంలో వెళ్ళి. గిరీశానికి చివర్లో చీవాట్లు పడతాయి, నిజమే. కానీ నూరేళ్ళకు పైగా ప్రేక్షకులు అతన్ని తలుచుకుని నవ్వుకుంటూనే ఇంటికి పోతున్నారు. బి.ఎ. రెండో సంవత్సరం పిల్లల్ని అడిగాను, నాటకంలో ఇష్టమైన పాత్ర ఎవరని. మగపిల్లలు దాదాపు అందరూ గిరీశం అన్నారు. ఆడపిల్లల్లో కొందరు మధురవాణి అనబోయి, పక్కవాళ్ళని చూసి, బుచ్చమ్మ అన్నారు.

పెళ్ళి సైట్లు ఆ మధ్యవర్తుల సంచిలోంచే పుట్టాయి. షాదీ, భారత్‌మ్యాట్రిమొని వంటివి 1990ల రెండో సగంలో మొదలయ్యాయి. తొలి రోజుల్లో విదేశాల్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా వాడేవారు. తర్వాత భాషకొక సైటు, ఆపైన కులానికొక సైటు వచ్చాయి. కంప్యూటర్ వస్తే కులం పోతుందని అమాయకంగా నమ్మిన తరం ఒకటుండేది. కులాన్ని వెతకడానికి కంప్యూటర్ అంత బాగా పనికొచ్చే సాధనం ఇంకోటి లేదని తేలింది. మేనత్త సంచిలో కులం, శాఖ, గోత్రం ఆమె జ్ఞాపకంలో ఉండేవి. ఇప్పుడు పెట్టెల్లో గీత పెట్టుకుంటే చాలు. 2020లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రంగు గురించి చర్చ రేగినప్పుడు, ఉత్తర అమెరికాలోని దక్షిణాసియా స్త్రీలు సంతకాలు సేకరిస్తే షాదీ డాట్‌కామ్ చర్మపు రంగును బట్టి వెతికే సదుపాయాన్ని తీసేసింది. మంచిదే. కులం పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంది.

డేటింగ్ యాప్‌లు ఇంకో దారిన వచ్చాయి. టిండర్ 2012లో అమెరికాలో మొదలై కొద్ది కాలానికే మన నగరాలకి చేరింది. 2016లో అది ఇక్కడి కోసం చేసిన ప్రకటనలో ఒక తల్లి, బయటికి తయారవుతున్న కూతుర్ని చూసి సంతోషంగా ఒప్పుకుంటుంది. చాలామంది ఎగతాళి చేశారు. నాకది ఎగతాళిగా అనిపించలేదు, దిగులనిపించింది. అమ్మ ఒప్పుకున్నట్టు చూపిస్తే తప్ప కూతురి చేతిలో ఫోను అమ్ముడుపోదని కంపెనీకి కూడా అర్థమయింది కదా! అదే ఏడాది జూన్‌లో కేంద్ర ప్రభుత్వం పెళ్ళి సైట్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. వాడేవాళ్ళ గుర్తింపు పత్రాలు చూడమంది. తమది పెళ్ళిళ్ళ కోసమే తప్ప డేటింగ్ సైటు కాదని స్పష్టంగా ప్రకటించుకోమంది. మోసాల నుంచి కాపాడడానికే అన్నారు, ఆ అవసరం ఉన్నమాటా నిజమే. అయినా రాజ్యం గీసిన ఆ గీత చూడండి. ఒకవైపు తండ్రి రాసిన ‘నేను’, ఇంకోవైపు నేను రాసుకున్న ‘నేను’. మొదటిది సైటు, రెండోది అశ్లీలం పక్కన ఎక్కడో.

ఇక కరీంనగర్ సంగతి. హైదరాబాద్‌లో, బెంగళూరులో యాప్ తెరిస్తే ముఖాలు తరగవు. ఇక్కడ ముప్ఫై కిలోమీటర్ల దూరం పెట్టుకుని తెరిస్తే పది నిమిషాల్లో అయిపోయాయి. మానేరు డ్యామ్ కట్ట మీద బండి, తీగల వంతెన మీద బండి, మళ్ళీ డ్యామ్ మీద ఇంకో బండి. ఒకతను సినిమా హీరో ఫోటో పెట్టి సగం కత్తిరించాడు. ఆ తర్వాత వచ్చిన ముఖం నా దగ్గర చదివి పోయిన పిల్లాడిది. ఫోను బోర్లా పెట్టేసి కాసేపు కదలకుండా కూర్చున్నాను. నాకు వాడు కనిపించాడంటే వాడికి నేనూ కనిపించి ఉండొచ్చు. నగరం ఇచ్చే ముసుగు చిన్న ఊళ్ళో ఉండదు. దూరం నూట అరవైకి పెంచాను. రాజీవ్ రహదారి వెంట సిద్దిపేట, గజ్వేల్ దాటి హైదరాబాద్ మొత్తం వచ్చి ఫోనులో పడింది. నా ఊళ్ళో నేను ఉండాలంటే నూట అరవై కిలోమీటర్ల అవతల వెతుక్కోవాలి.

బంబుల్ 2018 డిసెంబరులో మన దేశానికి వచ్చినప్పుడు స్త్రీలు తమ పేరులో మొదటి అక్షరం మాత్రమే చూపించుకునే వీలు ఇచ్చింది. స్త్రీలే ముందు పలకరించాలన్న నియమం కూడా దానిదే. దాన్ని 2024లో సడలించారు. ఆ ఒక్క అక్షరం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంటి పేరు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు. ‘స’. అంతే. కలం పేర్ల చాటున రాసిన మన పూర్వ రచయిత్రులు గుర్తొచ్చారు.

అక్షరం చాటున ఎక్కువ రోజులు దాగలేదు. ఇంకో యాప్‌లో నా పేజీని ఎవరో ఫోటో తీసి కాలేజీ స్టాఫ్ గ్రూపులో పెట్టి, నిమిషం తర్వాత పొరపాటని తీసేశారు. నిమిషం చాలు. మర్నాడు మా పెద్ద సారు గదికి పిలిచి, ‘‘తప్పని అంటలేను మేడమ్. పిల్లలు చూస్తరు, పేరెంట్స్ చూస్తరు. మీరే ఆలోచించుకోండ్రి’’ అన్నారు. మర్యాదగానే అన్నారు. వారం కిందట ఇదే గదిలో ఇదే మనిషి, ‘‘మా తోడల్లుని వైపు ఒక సంబంధం ఉన్నది, బయోడేటా పంపుతరా?’’ అని అడిగారు. అప్పుడు పిల్లలూ చూడలేదు, పేరెంట్సూ చూడలేదు.

ఆ ఫోటో పెట్టింది మగ సహోద్యోగి. నా పేజీ కనపడాలంటే ఆయనా ఆ యాప్‌లో ఉండాలి. ఆయనకు భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆ గ్రూపులో ఇరవై ఏడుగురం ఉన్నాం. అది మీకెట్ల దొరికింది సార్ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేనూ అడగలేదు. గిరీశాన్ని ఎవరడుగుతారు?

ఇప్పటిదాకా రాసింది చదివితే నేను బాధితురాలిగానే కనిపిస్తాను. అక్కడితో ఆపితే వ్యాసం కుదురుగా ఉండేది కూడా. కానీ ఆ వారమంతా నిద్ర పట్టక, బాపు రాసిన నన్నూ నేను రాసుకున్న నన్నూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పరిశోధన అలవాటు, ఏం చేస్తాం.

బాపు రాసిన పేజీలో ఏముంది? ఊరు సిరిసిల్ల. తాత మగ్గం నేసిండు, చిన్నాయన సాంచెలు నడుపుతడు. అవ్వ బీడీలు చుట్టి నన్ను చదివించిందన్నది కూడా ఉంది. దాన్ని ‘తల్లి గృహిణి’ అని మార్చమని బ్యూరో వాళ్ళు చెప్పినా బాపు మార్చలేదట. విడాకులు ఏ ఏడాది అయ్యాయో ఉంది. కట్నం ఇచ్చేది లేదన్న మాట కూడా ఉంది, చివర్న, మర్యాదగా. ‘కుటుంబ విలువలు’ లాంటి అరిగిపోయిన మాటలు తీసేస్తే అందులో ఒక్క అబద్ధం లేదు.

మరి నేను రాసుకున్న దాంట్లో? హైదరాబాద్, పుస్తకాలు, ఫిల్టర్ కాఫీ, పాత హిందీ పాటలు, వానాకాలం, ఇరానీ సినిమాలు. అంతా ఇంగ్లీషులో. నేను చెప్పేది తెలుగు, ఆలోచించేది సిరిసిల్ల యాసలో, తాగేది పాల చాయ్. సాంచెలు లేవు, బీడీలు లేవు. పెళ్ళయి విడిపోయిన సంగతి ‘తర్వాత మాట్లాడుకుందాం’ అన్న మూడు చుక్కల్లో దాచాను. తెలంగాణ స్త్రీలు తమ బతుకులు తమ యాసలో చెప్పుకోవాలని సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని, నా బతుకు నూరు మాటల్లో చెప్పుకోవలసి వచ్చేసరికి యాసనీ ఊరినీ అవ్వనీ తీసి బయట పెట్టాను. స్వయంగా రాసినంత మాత్రాన అది స్వీయచరిత్ర అవుతుందా?

‘మైదానం’ మీద మనం చేసుకున్న పాత చర్చ ఇక్కడ పనికొస్తుంది. రాజేశ్వరి తన కథ తనే చెప్తుంది. భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళడం, తర్వాత మీరా రావడం, ఒకరి మీద ప్రేమ ఉండగానే ఇంకొకరి మీద కలగడం, అన్నీ ‘నేను’ అంటూ చెప్తుంది. ఆ ‘నేను’ని రాసింది చలం. ఒక పురుషుడు ఊహించిన స్త్రీ స్వేచ్ఛ ఎవరి స్వేచ్ఛ అని స్త్రీవాద విమర్శ అడిగింది. సరైన ప్రశ్నే. ఎం.ఎ.లో ఉండగా నేనూ అదే ప్రశ్నతో ఘాటుగా ఒక వ్యాసం రాశాను. మరోవైపు 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉంది. సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు చెప్తుంటే ఇంకెవరో విని, రాసి, అచ్చు వేశారు. కలం వాళ్ళ చేతిలో లేదు. అయినా ఆ పేజీల్లో వినిపించే గొంతు చాకలి ఐలమ్మదేనని ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి కలం ఎవరి చేతిలో ఉందన్న ఒక్క ప్రశ్నతో తేలేది కాదిది. వినేవాడు ఎవరనుకుని చెప్తున్నామన్నది కూడా చూడాలి. నేను ఎవరి కోసం రాశానో నాకు తెలుసు. జూబ్లీహిల్స్‌లో ఎక్కడో కూర్చుని ఇంగ్లీషులో వేలు జరిపే ఒక మనిషి కోసం. అతని చూపుకి సరిపోయేలా నన్ను నేను కత్తిరించుకున్నాను. బాపు రాసింది ఇంకో నేతన్న ఇంటికి. వాళ్ళ దగ్గర సాంచెలు దాచే పని లేదు.

ఇందాక దాటేద్దామనుకున్నానని చెప్పిన సంగతి దీని తర్వాతది.

ఒకప్పుడు మన కవయిత్రులు వీధిలో, బస్సులో వెంటాడే చూపుల గురించి రాశారు. యాప్‌లో చూసేది నేను. బొటనవేలు కుడికి జరిపితే అవును, ఎడమకి జరిపితే కాదు. మొదటి రోజుల్లో అది నాకు గొప్ప తిరగవేతలా తోచింది. తర్వాతెప్పుడో ఆ వేలు ఎక్కడ ఆగుతోందో గమనించాను. యాప్ కులం అడగదు. నేను అడుగుతున్నాను. పేరు పక్కన ఇంటి పేరుంటే దాన్ని, లేకపోతే చదివిన బడిని, ఇంగ్లీషులో చేసిన తప్పుల్ని, వెనక గోడకున్న పటాన్ని. రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఎవరికి అవునన్నానో, ఎందుకో. అవునన్న వాళ్ళలో దళితులని నేను పోల్చుకున్న వాళ్ళను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువయ్యాయి. అవతలివాళ్ళు ఎందరు నా ఇంటి పేరు చూసి ఎడమకి జరిపారో నాకు తెలియదు. నా కింద ఉన్నవాళ్ళని నేనెట్లా జరిపానో మాత్రం పుస్తకంలో నా దస్తూరీలోనే ఉంది. పెళ్ళి సైటు కనీసం కులం పెట్టె చూపించి అడుగుతుంది. ‘కుల పట్టింపు లేదు’ అన్నచోట బాపు గీత పెట్టాడు. నేను ఏ పెట్టెలోనూ గీత పెట్టకుండానే ఆ పని చేశాను.

దళిత స్త్రీల సాహిత్యం మన స్త్రీవాదానికి ఎన్నేళ్ళుగానో చెప్తూ వస్తున్న మాటే ఇది. చదివాను, తలూపాను, పాఠం చెప్పాను. వేలి చివరికి వచ్చేసరికి అదేమీ మిగల్లేదు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ని ఆసుపత్రి బయట గర్భిణి అయిన భార్య పక్కనే చంపినప్పుడు కరీంనగర్ తెలంగాణ చౌక్‌లో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసినప్పుడు క్లాసులో గంటసేపు మాట్లాడాను. వాళ్ళిద్దరూ బడిరోజుల నుంచీ స్నేహితులు. అమృత ప్రేమించేటప్పుడు ఏ పెట్టెలోనూ వెతుక్కోలేదు. నాకు ఇన్ని పెట్టెలు చేతిలో ఉండి, ఎవరూ చంపుతామనకుండానే, నా అంతట నేనే కులం లోపలి నుంచి బయటికి చూస్తున్నాను. కత్తికీ వేలికీ మధ్య చాలా దూరం ఉందని నాకు తెలుసు. ఏ దూరమూ లేదన్నట్టు మాట్లాడడం కూడా ఒక రకం ఆర్భాటమే. కానీ రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

ఈ విషయమంతా మా చిన్నమ్మ కూతురికి చెప్పాను. జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉంటుంది, బీడీలు చుడుతుంది. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. గల్ఫ్‌కి పోయినవాళ్ళ ఇళ్ళన్నిటిలోలాగే వాళ్ళింట్లోనూ వీడియో కాల్‌కి ఐఎంఓ. తంబాకు చేట ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. నవ్వుతుందనుకున్నాను. ‘‘నీకు గన్ని యాప్‌లున్నయి గదక్కా. నాకు ఒక్కటే ఉన్నది. గదాంట్ల పచ్చ లైటు వెలిగితె మా అత్త చూస్తది. రాత్రి పదకొండింటికి లైన్ల ఎందుకున్నవ్, ఎవనితోని మాట్లాడుతున్నవని గాయినె అడుగుతడు. గాయినెకి కూడ నేనే చేసిన అంటె నమ్మడు’’ అంది. ఆకు కత్తిరిస్తూనే ఉంది. నా ఆరేడు సైట్ల గురించి తర్వాత ఆమెతో ఇంకేమీ మాట్లాడలేదు.

వాళ్ళ నానమ్మ కాలంలో, అంటే మా నానమ్మ కాలంలోనే, ఆ చుట్టుపక్కల చాలా శ్రమకులాల్లో మారుమనువు ఉండేది. మొగుడు మంచోడు కాకపోతే పెద్దమనుషుల్లో తెంపుకుని ఇంకో మనువు పోయేవారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడాన్ని మన పాఠ్యపుస్తకాలు స్త్రీల విముక్తికి మొదటి మెట్టుగా చెప్తాయి. ఆ మెట్టు ఎక్కాల్సిన అవసరం లేని ఆడవాళ్ళు తెలుగుదేశమంతటా ఉన్నారన్న సంగతి చెప్పవు. మారుమనువు స్వర్గమేమీ కాదు, పంచాయితీ కూర్చునేది మగవాళ్ళే, తప్పు కట్టించుకునేదీ వాళ్ళే. అయినా అందులో పెళ్ళి విఫలమైన స్త్రీ మళ్ళీ వెతుక్కోవడం మామూలు సంగతి. మా ఇళ్ళల్లో నాలుగు రాళ్ళు వచ్చి, చదువులు వచ్చి, పరువు వచ్చాక ఆ మాటే మాయమైంది. ఇప్పుడు సైటులో ‘రెండో వివాహం’ అని ఒక విడి విభాగం ఉంది. అందులోకి నా పేజీని చేర్చడానికి బాపు ఆరు నెలలు వెనకాడాడు.

ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు రెండు యాప్‌లూ తీసేశాను. పశ్చాత్తాపంతో కాదు, భయంతోనూ కాదు. వాటిలో ఉన్న ‘స’ నాకు నచ్చలేదు. మళ్ళీ రాయాలనిపించినప్పుడు తెలుగులో రాసి పెడతాను, ఎందరు చదువుతారో చూద్దాం. బాపు పెట్టిన పేజీని మాత్రం ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను పట్టుకున్నాడు, నేను చెప్పాను. కుటుంబ విలువలు కొట్టేశాం. సాంచెలూ బీడీలూ ఉంచేశాం. ‘వరుడు కావాలి’ దగ్గర చాలాసేపు వాదులాడుకుని ‘తోడు కావాలి’ అని పెట్టాం. మొదటి పెట్టె దగ్గరికి వచ్చాం.

‘‘గిప్పుడు ఎవలు రాసినట్టు పెట్టాలె బిడ్డా? ఇద్దరం రాసినమని పెట్టరాదా?’’

ఆ జాబితాలో అట్లాంటి మాట లేదు. ‘స్వయంగా’ అని మార్చాం.

అంతకు ముందు వారానికి నాలుగయిదు ఫోన్లు వచ్చేవి, బాపు నంబరుకి, పిలగాళ్ళ తండ్రుల నుంచో మేనమామల నుంచో. మార్చిన తర్వాత అవి ఆగిపోయాయి. మూడో రోజు రాత్రి పదకొండున్నరకు నా ఫోనుకి మొదటి మెసేజి వచ్చింది. ‘హాయ్, ఒక్కదానివే ఉంటున్నవా?’ అని. పొద్దున బాపు చాయ్ తాగుతూ, ‘‘ఎవలన్న ఫోన్ జేసిండ్రా?’’ అని అడిగాడు.